రెక్క నీడలో ఏమున్నది?



కొల్లేటి ఒడ్డున కాపురముండే వారికి నీటిపక్షులను గురించి చెప్పబోవడం తాతకు దగ్గులు నేర్పినట్టే ఉంటుంది. అయినా ఈ పత్రికను మెట్ట ఊళ్లలోనూ, చెరువులు ఎండిపోయిన చోట్లలోనూ చదివే కుటుంబాలు చాలా ఉన్నవి గనుక, ముందుగా ఆ చోటు ఎటువంటిదో రెండు మాటలు చెప్పి, ఆ తరువాత మేము నాలుగు శీతకాలాలుగా పెట్టుకున్న ఒక పనిని గురించి వ్రాస్తాము. ఆ పని పక్షులకు ఫొటోలు తీయడం. తీయడానికి ఒక పూట చాలు. ఇంటికి వచ్చి, ఆ ఫొటోలలో నల్లగా ముద్దకట్టిన నీడలను విప్పి చూడడానికి వారం పడుతుంది.

"పాస్టరుగారికి ఇదేమి సరదా?" అనేవారు ఉంటారు. మా సంఘంలోనే ఉన్నారు. కెమెరా మేము కొన్నది కాదు. మా బావమరిది కొత్తది కొనుక్కొని పాతది మాకిచ్చాడు, దానితోపాటు 300 మిల్లీమీటర్ల లెన్సు ఒకటి. ఇక ఖర్చంటే బండికి పెట్రోలు, పడవకు టిక్కెట్టు. సోమవారం ఉదయం మాకు తీరిక. ఆదివారమంతా మాట్లాడిన గొంతుకు సోమవారం మాట్లాడనక్కరలేని పని దొరకడం ఎంత మేలో, మాటతో బ్రదికేవారికి తెలుస్తుంది.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో నిలిచిన మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరుల నీరు ఇందులో చేరి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. 1999లో దీనిని వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ ఒడంబడిక క్రింద, ప్రపంచమంతటికీ ముఖ్యమైన చిత్తడినేలల జాబితాలో చేర్చారు. 2006లో అయిదవ కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లను కొట్టివేసిన సంగతి ఇక్కడి కుటుంబాలకు ఇంకా పచ్చిగానే ఉన్నది. దానికి వేరే వ్యాసం కావాలి, ఇక్కడ దాని జోలికి పోము. కైకలూరును ఆనుకొని ఆటపాక అనే ఊరున్నది. అక్కడ పక్షులు గూళ్లు కట్టుకోవడానికి చెట్లు చాలక, నీటి మధ్యలో ఇనుప మంచెలు నిలబెట్టారు. శీతకాలంలో ఆ మంచెల నిండా గూడబాతులే.

గూడబాతు అనే మాట మనవారిలో చాలామందికి 102వ కీర్తన చదివినప్పుడు చెవిన పడినదే. పక్షిని కళ్లారా చూసినవారు తక్కువ. మేమూ పెండ్లయి ఈ ప్రాంతానికి వచ్చేదాకా అది ఏదో ఒక రకం బాతు అనుకున్నాము. నాలుగు నుండి ఆరు కిలోల బరువు, జానలకొద్దీ ముక్కు, ముక్కు క్రింద సంచి. పూర్వం పొలాలకు నీళ్లు తోడే గూడను చూసినవారికి ఆ సంచి చూడగానే అదే గుర్తుకు వస్తుంది. పిల్లలకు మేత పెట్టే తీరు మొదటిసారి చూస్తే భయం వేస్తుంది. పిల్ల తన తలకాయ మొత్తం తల్లి నోటిలో దూర్చి, లోపలినుండి చేపను తీసుకుంటుంది. మా చిన్నది, "అమ్మ మింగేస్తోంది నాన్నా!" అని ఏడ్చింది.

ఇప్పుడు అసలు చిక్కు చెప్పాలి. గూడబాతు పైన తెలుపు. ప్రక్క మంచెమీద కూర్చున్న నీటికాకి కారునలుపు. ఉదయపు ఎండ ఏటవాలుగా పడి తెల్లరెక్క వెండిలాగా మెరుస్తుంది. ఆ రెక్క క్రింద మాత్రం చీకటి. మన కన్ను తెలుపునూ నలుపునూ క్షణంలో సర్దుకొని రెండింటినీ చూస్తుంది. కెమెరాకు అంత నేర్పు లేదు. అది ఎదుట ఉన్నదానినంతటినీ కలిపి సగటు తీసి, ఆ సగటు ఒక మధ్యరకం బూడిదరంగు అయ్యేటట్టు వెలుతురును కొలుచుకుంటుంది. వెనుక నల్లని నీరు ఎక్కువగా ఉంటే, "ఇక్కడ చీకటిగా ఉన్నది" అనుకొని వెలుతురు ఎక్కువ తీసుకుంటుంది. అప్పుడు కొంగ ఈకలన్నీ మాడిపోయి సున్నం కొట్టిన గోడలా అవుతవి. వెనుక తెల్లని ఆకాశం ఉంటే వెలుతురు తగ్గించుకుంటుంది. అప్పుడు పక్షి బొగ్గుముక్క అవుతుంది.

దీనికి ఒక సూత్రం ఉన్నది. వంటింట్లో ఉన్నవారికి సులువుగా అర్థమవుతుంది. కొంచెం పలుకుగా ఉన్న అన్నాన్ని నీళ్లు చిలకరించి మళ్లీ పొయ్యిమీద పెట్టవచ్చు. మాడిన అన్నం మరి తెల్లబడదు. అలాగే ఫొటోలో మాడిన తెలుపును ఏ కంప్యూటరూ తిరిగి తేలేదు, ఎందుకంటే అక్కడ ఈక ఉన్నదన్న గుర్తే మిగలదు. నీడలో మాత్రం చీకటిగానైనా గుర్తు ఉంటుంది. కనుక తెల్లపక్షిని నల్లని నీటి ఎదుట తీసేటప్పుడు, కెమెరా చెప్పిన కొలతకంటే ముప్పాతిక వంతో, ఒక స్టాపో తగ్గించి తీస్తాము. స్టాపు అంటే వెలుతురు సగం కావడం లేక రెట్టింపు కావడం.

అట్లని భయపడి మరీ తగ్గించకూడదు. ఇది చాలామంది చెప్పని సంగతి. కెమెరాలో రా అనే పద్ధతి ఉన్నది. అందులో కెమెరా తాను చూసినదంతా వండకుండా పచ్చిగానే దాచిపెడుతుంది. మామూలు జేపెగ్ ఫొటోలో ఒక్కొక్క రంగుకు 256 మెట్లే ఉంటాయి. 14 బిట్ల రా ఫైలులో 16,384 మెట్లు. వినడానికి బాగున్నది గాని, ఆ మెట్లు సమంగా పంచబడలేదు. అన్నిటికంటే వెలుగైన ఒక్క స్టాపుకే సగం, అంటే 8,192 పోతాయి. దాని తరువాతి స్టాపుకు 4,096. ఆ తరువాత 2,048. ఇలా వెలుతురు సగమైన ప్రతిసారీ మెట్లూ సగమవుతూ, నీడల దగ్గరకు వచ్చేసరికి పంక్తిలో చివర కూర్చున్నవారికి మిగిలిన కూరలాగా గరిటెడే ఉంటుంది. ఆ కాస్తను సాగదీస్తే ఫొటోలో ఇసుక చల్లినట్టు ఎర్రని, ఆకుపచ్చని చుక్కలు లేస్తాయి. అందుచేత తెలుపు మాడకుండా ఎంతవరకు వెలుతురు ఇవ్వగలమో అంతా ఇవ్వడమే నీడలకు చేసే మొదటి ఉపకారం. కెమెరా వెనుక తెరమీద కొండ ఆకారంలో ఒక పటం కనిపిస్తుంది. కొండ కుడివైపు గోడకు దగ్గరగా రావాలి, గోడను గుద్దుకోకూడదు. మాడిన చోట్లను మిణుకు మిణుకుమని చూపే ఏర్పాటు కూడా చాలా కెమెరాలలో ఉంటుంది. పడవ ఊగుతున్నప్పుడు పటం చదవడంకంటే మిణుకులు చూడడం తేలిక.

ఇంటికి వచ్చాక దిద్దుబాటు. మేము వాడేది డార్క్‌టేబుల్ అనే ఉచిత ప్రోగ్రాము. మా అబ్బాయి పాత కంప్యూటరులో వేసి ఇచ్చాడు. ఫోనులో చేసుకునేవారికి స్నాప్‌సీడ్ చాలును. అందులోనూ నీడలను లేపే మీట ఉన్నది. కొత్తవారు చేసే పని ఏమిటంటే, ఆ మీటను చివరిదాకా లాగుతారు. అంతా కనబడుతుంది గాని అంతా బూడిదగా కనబడుతుంది. పక్షి అంచుల వెంబడి తెల్లని వలయం ఏర్పడుతుంది. నీడే లేనప్పుడు ఎండ కూడా ఉండదు. మేము మూడోవంతు దగ్గర ఆగుతాము. ఆ తరువాత నలుపును తిరిగి ఒక పిసరు దించుతాము. అప్పుడే లేపిన నీడకు అడుగు దొరుకుతుంది. మరొకటి: నీడలోని ఈకలు నీలిగా ఉంటాయి, ఎందుకంటే అక్కడ పడేది ఎండ కాదు, ఆకాశపు వెలుతురు. కనుక మొత్తం బొమ్మను కాక, ఆ నీడ భాగాన్ని మాత్రమే గీతగీసి ఎంచుకొని కొద్దిగా వెచ్చని రంగు కలిపితే ఈక ఈకలాగా ఉంటుంది. చుక్కలను చెరిపే మీటను కూడా నీడలోనే వాడాలి. ఎండపడిన ఈకలమీద వాడితే మైనపు బొమ్మ అయిపోతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేము. నీడను లేపడం వేరు, తెల్లబరచడం వేరు. నీటికాకి నల్లనిది. దాని నీడను సరిగా లేపితే నలుపులోనే కంచు మెరుపు, ఈకకు ఈకకు నడుమ సన్నని అంచు కనిపిస్తాయి. పక్షి మాత్రం నల్లగానే ఉంటుంది. ఎక్కువ లేపితే అది బూడిదపక్షి, దేవుడు చేయనిది. మన పల్లెల్లో పెండ్లి ఆల్బములు తెరచి చూడండి. చామనచాయ పిల్లను పిండిబొమ్మను చేసి ఉంచుతారు. మెడ ఒక రంగు, ముఖం ఒక రంగు. మా సంఘంలో ఒక అమ్మాయి తన పెండ్లి ఫొటో గోడకు పెట్టుకోలేదు. అడిగితే, "అది నేను కాదు అమ్మగారూ, మా ఆయన ప్రక్కన ఎవరో కూర్చున్నారు" అన్నది. నవ్వుతూనే అన్నది గాని, ఆ రాత్రి మా ఇంట్లో ఆ మాట చాలాసేపు నలిగింది. ఆ పిల్ల ముఖానికి కావలసింది సున్నం కాదు, పందిరి నీడలో పడిన ఆమె కళ్లను కాస్త లేపి, రంగును ఉన్నదున్నట్టు ఉంచడం. పనివానికి అయిదు నిమిషాలు.

గత జనవరిలో జరిగిన సంగతి ఇప్పుడు చెప్తాము. పొద్దున తొమ్మిది గంటలప్పుడు పడవలో మంచెలకు దూరంగా, తాడు కట్టిన హద్దు ఇవతలే ఆగి ఉన్నాము. ఒక గూటిమీద తల్లి నిలబడి రెక్కలు సగం విప్పి పిల్లలకు ఎండ తగలకుండా పట్టింది. రెక్కమీద వెలుతురు కళ్లు చెదిరేలా ఉన్నది. క్రింద ఏమీ కానరాదు. తెలుపుకు కొలుచుకొని పది పన్నెండు ఫొటోలు తీసుకొని వచ్చేశాము. సంఘం క్యాలెండరుకు పనికివస్తుందని మా ఆశ.

ఆ రాత్రి దిద్దుతూ ఉంటే రెక్క క్రింద చీకటి మెల్లగా విడి, ముందు ఒక పిల్ల ముక్కు, తరువాత రెండవ పిల్ల వీపు బయటపడ్డాయి. మా ఇంటావిడ వెనుకనుండి చూస్తున్నది. "ఏవండీ, ఆ పిల్ల కాలి దగ్గర నీలంగా ఏమున్నది?" అన్నది. నీడలోని నీలం అనుకొని రంగు వెచ్చబరచి చూశాము. నీలం పోలేదు. పెద్దది చేసి చూస్తే నైలాను వల ముక్క. పిల్ల కాలికి రెండు మూడు చుట్లు తిరిగి, రెండవ కొస గూటి పుల్లల్లోకి పోయింది. గూటికి పుల్లలతోపాటు దొరికినదల్లా తెచ్చే పక్షులు ఉంటాయి. అలా వచ్చిందో, కాలికి తగులుకొని వచ్చిందో తెలియదు. పిల్ల కూర్చున్నంతకాలం ఇబ్బంది లేదు. ఎగిరే వయసు వచ్చిన నాడు తలక్రిందులుగా వ్రేలాడవలసిందే.

తెల్లవారి కాపలా మనిషికి ఫోనులో ఆ బొమ్మ చూపాము. ఆయన మాకంటే పెద్దవాడు, బాబాయి అని పిలుస్తాము. చాలాసేపు చూసి, "వెళ్లొచ్చు అయ్యగారూ, కాని వెళ్తే ఏమవుతుందో చెప్తాను వినండి" అన్నాడు. మంచె దగ్గరకు పడవ పోతే ఒక్క తల్లి లేవదు, ఆ మంచెమీద ఉన్నవన్నీ లేస్తాయి. లేచిన వెంటనే కాకులు దిగి గుడ్లు పొడుస్తాయి. బొచ్చు రాని పిల్లలు ఎండకు తాళలేవు. బెదిరిన పిల్లలు నీళ్లలో పడతాయి. ఒకదానిని విడిపించబోయి నాలుగింటిని పోగొట్టుకోవడం ఆయన ఇంతకుముందు చూశాడట. "మీ ఫొటోలో ఒకటే కనబడింది. నాకు మంచె అంతా కనబడుతుంది" అన్నాడు.

మాకు నోట మాట రాలేదు. చూడకముందు ఆ పిల్ల మాది కాదు. చూసిన తరువాత ఊరకుండలేము. అయినా నిర్ణయం ఆయనదే కావాలి, మాది కాదు. ఆయన పై అధికారిని అడిగి, రెండు రోజులు ఆగి, మబ్బు పట్టిన ఒక ఉదయం ఇద్దరు మనుష్యులతో వెళ్లాడు. మమ్మల్ని రావద్దన్నాడు. మేము గట్టుమీదనుండి లెన్సులో చూశాము. పక్షులు లేచినవి, కాకులూ వచ్చినవి. ఒకడు తెడ్డుతో కాకులను అదిలిస్తుంటే ఒకడు నిచ్చెన ఎక్కి వల కోశాడు. అంతా నాలుగైదు నిమిషాలు. తల్లి తిరిగి రావడానికి అరగంట పట్టింది. ఆ అరగంట పొడుగు మాకు తెలుసు. ఒక గుడ్డు పోయిందని బాబాయి తరువాత చెప్పాడు, ప్రక్క గూటిది. మార్చిలో ఆ గూడు ఖాళీ అయింది. పిల్ల ఎగిరిందని ఆయన అన్నాడు. మేము చూడలేదు, ఆయన మాటే మాకు ఆధారం.

ఇక క్యాలెండరు. అన్ని ఫొటోలలోనూ ఆ రెక్క ఫొటోయే బాగున్నది, అందులో సందేహం లేదు. ప్రెస్సులో కుర్రవాడు చూసి, "అయ్యగారూ, ఆ నీలం ముక్క తీసేస్తాను, ఒక్క నిమిషం పని, అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది" అన్నాడు. నిజమే, ఈనాటి ప్రోగ్రాములు చెరిపిన చోట పుల్లలను కూడా అల్లిపెడతాయి. సంఘపెద్దల కూడికలో ఈ మాట పెట్టాము. ఒక పెద్దాయన, "సంవత్సరమంతా గోడమీద ఉండేది గదా, ముచ్చటగా ఉండాలి. తీసేయండి" అన్నారు. ఆయన మాట తోసివేయదగినది కాదు. క్యాలెండరు చూసి దిగులు పడమని ఎవరినీ అడగలేము. ఇంకొకరు వేరే ఫొటో వేయమన్నారు. చివరికి, వలల పని చేసుకునే కుటుంబంలోని ఒక అమ్మ, ఎప్పుడూ వెనుక కూర్చుని మాట్లాడని ఆమె, బొమ్మను దగ్గరకు తీసుకొని, "ఇది మా వలే అయ్యుండొచ్చు అయ్యగారూ. అందరం ఈ రంగే కొంటాం. ఉంచండి, మా పిల్లలు చూస్తారు" అన్నది. ఆ తరువాత ఎవరూ తీసేయమనలేదు. పెద్దాయన మాత్రం, నెలల అంకెలు పెద్దవిగా వేయమని అడిగారు. వేయించాము.

అచ్చు వేయించే సంఘాలవారికి ఉపయోగపడుతుందని ఒక సంగతి: కంప్యూటరు తెరమీద కనబడే నీడ కాగితంమీద అంతకంటే నల్లబడుతుంది. తెరకు తన వెలుతురు తనకున్నది, కాగితానికి లేదు. పైగా సిరా చుక్క కాగితంలో కొంచెం వ్యాపించి పెద్దదవుతుంది. కనుక తెరమీద చాలుననిపించిన దానికంటే నీడను మరికొంచెం లేపి ఇవ్వాలి. మేము మొత్తం అచ్చుకు ముందు ఒక్క కాపీ తీయించి, దానిని వరండాలో పగటి వెలుతురులోనూ, రాత్రి ఇంట్లో బల్బు క్రిందనూ చూశాము. బల్బు క్రింద పిల్ల కనబడింది, వల కనబడలేదు. మరికొంచెం లేపించాము. మన ఇండ్లలో క్యాలెండరు ఉండేది బల్బు క్రిందే గదా.

ఈ శీతకాలానికి నీటికాకుల మీద పని పెట్టుకున్నాము. ఇది గూడబాతుకంటే కష్టం. నీళ్లలో మునిగి లేచి, రెక్కలు చాపి ఆరబెట్టుకునేటప్పుడు ఒంటినిండా తడి నలుపు. తెలుపు భయం లేదు గనుక వెలుతురు ఎక్కువే ఇవ్వవచ్చు, కాని వెనుక నీటిమీది తళుకు మాడుతుంది. ఎండ మన వీపు వైపు ఉండాలి, ఏడున్నర లోపల ముగించాలి. బాబాయి ఆ హద్దు తాడును ఇంకొంచెం ఇవతలకు జరిపాడు. 300 లెన్సుకు పక్షి ఇంతకుముందుకంటే చిన్నదిగా పడుతుంది. మేము అడగలేదు, ఆయన జరపలేదు.